రక్తదానము: దాత యోగ్యత

దానము చేయువాడు పుచ్చుకొనువాని యోగ్యతను విచారింపవలెనని మన పెద్దలు పలుమారులు చెప్పియున్నారు. దేశకాలపాత్రముల నెఱిగి యిచ్చినదే దానమని వారి మతము. గోదానమునకును, భూదానమునకును ఈ న్యాయము చెల్లును. రక్తదానమున మాత్ర మిది తలక్రిందగుచున్నది. ఇచ్చట పుచ్చుకొనువా డెవ్వడైనను పాత్రుడే, పరీక్షింపబడవలసినవాడు దాత. ఈ యొక్క మాటను మనము గ్రహింపకపోవుటచేతనే రక్తదానము మన ప్రాంతములలో ఉత్సవముగా పెరుగుచున్నదే గాని, రోగికి రక్షణగా స్థిరపడుట లేదు.

రోలుగుంట మండలము మన్యపు కొండల యడుగున నున్నది. ఈ పల్లెలలో కాన్పు కష్టమైనను, చెఱకు బండి తిరుగబడి యెవనికైన గాయమైనను మొదటి దిక్కు నర్సీపట్నము ఆసుపత్రి. అచ్చట సాధ్యము కానిచో అనకాపల్లికో, విశాఖపట్నమున కింగ్ జార్జి ఆసుపత్రికో పోవలసినదే. బాలింతకు రక్తస్రావ మధికమైన పిమ్మట మిగులునవి దినములు కావు, గంటలు. ఆ గంటలలో "రక్తము తెప్పింపుడు" అను మాట వినబడగానే ఇంటివారి గుండెలు జారిపోవును. అప్పుడు వారు వెదకునది దాతను గాదు. చేయి చాపగల మనుష్యుని. తమ్ముడైననేమి, పాలికాపైననేమి, దారిన పోవువాడైననేమి!

అపాయ మచ్చటనే పుట్టుచున్నది. అక్క ప్రాణము కొఱకు తెచ్చిన తమ్ముని వైద్యోద్యోగి "నీకు ఇటీవల జ్వరము వచ్చినదా? కామెర్లు సోకినవా? పరస్త్రీ సంపర్క మున్నదా?" అని బంధువుల యెదుట ప్రశ్నించినచో వాడేమి చెప్పును? నిజము చెప్పినచో మానము పోవును. అక్క ప్రాణమునకు తానే యడ్డుపడినవాడగును. కావున "లేదు" అనును. ఆసామి తాను పోక తన పాలికాపును పంపినచో ఆ పేదవాడు లేదనుటకు మఱియొక కారణ ముండును. యజమాని యాజ్ఞ కెదురాడుట వానికి సాధ్యమా? భయమును, మొగమాటమును, డబ్బును కలిసినచోట సత్యము నిలువదు. సత్యము నిలువనిచోట రక్తము శుద్ధమని నమ్ముట యెట్లు?

"పరీక్షలు చేయుచున్నారు గదా, దాత మాటతో పనియేమి?" అని కొందఱడుగవచ్చును. సేకరించిన ప్రతి రక్తపు సంచికిని హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సవాయి, మలేరియా అను నైదింటికి పరీక్ష చేయవలెనని శాసన మున్నమాట నిజమే. హెచ్.ఐ.వి. పరీక్ష 1989 నుండియు, హెపటైటిస్ సి పరీక్ష 2001 నుండియు నిర్బంధమైనవి. కాని యే పరీక్షయు సర్వజ్ఞము కాదు. రోగక్రిమి దేహమున ప్రవేశించిన దినము మొదలు పరీక్షకు దొరకు దినము వఱకు కొంత వ్యవధి యుండును. ఆ వ్యవధిలో రక్తము పరీక్షకు నిర్దోషముగా కనబడును. రోగికి మాత్రము విషమే యగును. న్యాట్ అను క్రొత్త పరీక్ష యీ వ్యవధిని చాల తగ్గించినది గాని రూపుమాపలేదు. వ్యయ మధికమగుటచే అది యన్ని కేంద్రములందును లేదు. యంత్రము చూడలేని యీ సందును కాపాడగలది దాత సత్యవాక్యమొక్కటే. రక్తమునకు మొదటి పరీక్ష నోటి మాట. రసాయనశాల పరీక్ష రెండవది.

మన దేశ మీ పాఠమును వెల చెల్లించియే నేర్చుకొన్నది. రక్తము నమ్ముకొని పొట్ట పోసికొనువారు పట్టణములలో ఆసుపత్రుల గుమ్మముల కడ కాచియుండిన కాల మొకటి గలదు. అన్నము లేనివాడు వారమున కొకమాఱైనను చేయి చాపును. తన రోగమును దాచును. 1990లో వెలువడిన యొక విచారణ నివేదిక 1018 రక్తనిధులలో 616 లైసెన్సు లేనివేయని తెలిపినది. "కామన్ కాజ్" అను సంస్థ తెచ్చిన వ్యాజ్యమున సుప్రీం కోర్టు 1996 జనవరి 4వ తేదీన తీర్పు చెప్పి, రెండేండ్లలో రక్తవిక్రయమును రూపుమాపుమని శాసించినది. 1998 జనవరి 1 నుండి రక్తము నమ్ముట నిషిద్ధము. 2002 నాటి జాతీయ రక్తవిధానము ఇంకొక యడుగు ముందునకు వైచి, బంధువులచే బదులు రక్త మిప్పించు పద్ధతిని గూడ క్రమముగా తొలగింపవలెనన్నది. అమ్మకము చట్టముచే నిలిచినది. బదులు పద్ధతి మాత్రము నేటికిని నిలువలేదు. ఆ మాటున దళారి మరల తల యెత్తుచున్నాడు.

దీని ఫలమెట్లుండునో పొరుగు తమిళనాడున 2018 డిసెంబరులో లోకము చూచినది. సాత్తూరు ప్రభుత్వాసుపత్రిలో ఒక గర్భవతికి రక్తహీనతకై యెక్కించిన రక్తము హెచ్.ఐ.వి. సోకినదని పిదప తేలినది. ఆ రక్తము శివకాశి రక్తనిధినుండి వచ్చినది. ఇచ్చినవాడు దుర్మార్గుడు కాడు. బంధువు కొఱకై యిచ్చిన యువకుడు. మఱియొకచోట చేయించుకొన్న పరీక్షలో తన స్థితి తెలియగానే తానే పరుగున వచ్చి చెప్పినాడు. అప్పటికే కాలము మించినది. అంతకు రెండేండ్ల ముందు 2016లో అతడు రక్తమిచ్చినప్పుడే రోగము బయటపడినదనియు, ఆ సంగతి యతనికి చేరలేదనియు తరువాత వెల్లడియైనది. పశ్చాత్తాపము భరింపలేక ఆ యువకుడు ప్రాణములనే విడిచినాడు. రసాయనశాల తప్పినది, చెప్పవలసినవారు చెప్పలేదు, ఇద్దఱి బ్రతుకులు చెడినవి. దాతను పరీక్షించుట రోగి రక్షణకే గాదు, దాత రక్షణకును అవసరమని దీనివలన స్పష్టము.

దాతకు గావలసిన యోగ్యత లెవ్వియో ప్రతి గృహస్థుడును తెలిసికొనవలెను. వయస్సు 18 మొదలు 65 వఱకు, బరువు 45 కిలోలకు తక్కువ కారాదు, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు ఉండవలెను. పురుషునకు 90 దినములు, స్త్రీకి 120 దినములు నడుమ గడువు. ఉపవాసముతో గాని, మద్యము సేవించి గాని రాదగదు. పచ్చబొట్టు పొడిపించుకొన్నవాడు ఏడాది యాగవలెను. మన ప్రాంతమునకు ముఖ్యమైన దింకొకటి గలదు. కొండకు పనికి పోయి మన్యపు జ్వరము తెచ్చుకొన్నవాడు పూర్తిగా స్వస్థుడైన పిమ్మట మూడు నెలలు రక్తమీయరాదు. జ్వరము తగ్గినదిగదా యని రెండు వారములకే చేయి చాపువాడు మంచివాడే కావచ్చును. వాని రక్తము మాత్రము మంచిది కాకపోవచ్చును. "నేడు నీవీయరాదు" అని వైద్యుడు త్రిప్పిపంపినచో అది యవమానము కాదు. ఒప్పుకొని తిరిగి పోవుటయు నొక దానమే.

ఇక శిబిరముల మాట. సినిమా నటుల యభిమానులును, రాజకీయనాయకుల యనుచరులును పుట్టినదినముల పేరిట వందల కొలది రక్తమిచ్చుట తెలుగు దేశమున నాచారమైనది. 1998 అక్టోబరు 2న హైదరాబాదులో స్థాపితమైన చిరంజీవి రక్తనిధి ఈ యుత్సాహమున కొక త్రోవ చూపినది. ఈ యుత్సాహమును మేము నిందింపము. కాని ఎఱ్ఱకణములు శీతల పేటికలో నిలువయుండునది సాధారణముగా 35 దినములే. ప్లేట్‌లెట్లు అయిదు దినములే. ఒక్కనాడు కుప్పలుగా పోసిన రక్తము నెల దాటగానే పాఱబోయవలసివచ్చును. వేసవిలో బాలింతకు చుక్క దొరకదు. పైగా గుంపులో, జయజయధ్వానముల నడుమ, మిత్రులు చూచుచుండగా "నేను తగను" అని చెప్పగల ధైర్య మెందఱి కుండును? ఛాయాపటము కొఱకు చాపిన చేయి నిజము చెప్పుటకు జంకును.

కావున మేము కోరునవి పెద్దవి కావు. ప్రతి శిబిరమునందును దాతను ఒంటరిగా ప్రశ్నించుటకు నాలుగు తెరలు కట్టిన చాటైనను ఉండవలెను. ఇంటికి పోయిన పిదప "నా రక్తము వాడవలదు" అని రహస్యముగా తెలుపుటకు వీలుండవలెను. దోషము కనబడిన దాతకు ఆ సంగతి గుప్తముగా తెలిపి చికిత్సకు పంపవలెను. హెచ్.ఐ.వి. సోకినవాని రహస్యమును కాపాడుటకు 2017 నాటి చట్టమున్నది. దానిని కాగితముపై నుంచి ప్రయోజనము లేదు. ఆసుపత్రివారు బదులు రక్తమునకై బంధువులను నిర్బంధింపరాదు. రక్తమునకు వెల లేదు, శుద్ధి పరీక్షల ఖర్చు మాత్రమే తీసికొనవలెనని 2024 జనవరిలో ఔషధ నియంత్రణాధికారి రక్తకేంద్రములకు ఖండితముగా తెలిపినాడు. ఈ సంగతి ప్రతి యాసుపత్రి గోడపైని తెలుగున వ్రాసియుంచవలెను.

ప్రభుత్వము చేయవలసినది యిది. మనము చేయవలసిన దింకొకటి గలదు. 2019–21 నాటి దేశవ్యాప్త పరిశీలనలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలినది. రక్తము మిక్కిలి యవసరమైనవారే ఈయలేని స్థితిలో నున్నారు. కావున ఆరోగ్యవంతులైన పురుషులపై, అందును కడుపు నిండ తిను ఆసాములపైని, వర్తకులపైని, ఉపాధ్యాయులపైని ఈ భారము ముందుగా పడును. పాలికాపును పంపుట కాదు, స్వయముగా పోవలెను. రోలుగుంట మండలమున ప్రతి గ్రామమునను ఇరువదిమంది చొప్పున తమ రక్తవర్గమును వ్రాయించి, ఏడాది పొడవునను వంతులవారిగా రక్తమిచ్చు నేర్పాటు చేసికొన్నచో, అర్ధరాత్రి బాలింత భర్త బజారున పరుగెత్తవలసిన పని యుండదు. నిలువలో ముందే పరీక్షింపబడిన రక్త ముండును. దానిని నిర్భయముగా, నిర్బంధము లేక, నిజము చెప్పి యిచ్చినవారుందురు.

ఈ కొండల మొగమున 1922–24లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యవీరుల నెత్తురు చిందినది. అది మరల రానిది; వెల కట్టరానిది. ఇప్పుడు దేశమడుగునది ఒక్కమాఱు 350 మిల్లీలీటర్ల రక్తము. దేహము దానిని కొలది వారములలో మరల నింపుకొనును. దానితో గూడ ఒక సత్యవాక్యము నడుగుచున్నది. రక్తమిచ్చుటకు ధైర్య మక్కఱలేదు. తగనినాడు తగనని చెప్పుటకే ధైర్యము గావలెను. ఆ ధైర్యము గల దాతలు రోలుగుంట పల్లెలలో ముందుగా బయలుదేఱుదురు గాక!