మెకానిక్‌కి రాదా, రానివ్వరా?

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక వింత గుణం ఉంది. ఆఫీసులో చిన్న బగ్గొస్తే రూట్ కాజ్ ఏంటని పది మెయిళ్ళు కొడతాం. అదే కారు సర్వీస్ సెంటర్లో "రియర్ నకిల్ పోయింది సార్, అసెంబ్లీ మొత్తం మార్చాలి" అంటే మారుమాట్లాడకుండా సంతకం పెట్టేస్తాం. పైగా ఊళ్ళో మెకానిక్ సంగతెత్తితే "వాడికేం తెలుసండీ" అంటాం. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

తెలియనివాళ్ళ కోసం: నకిల్ అంటే చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే పోత ముక్క. ముందు చక్రాలకైతే స్టీరింగ్ తిప్పేది దీన్నే. వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న కార్లకి వెనకా ఉంటుంది. (చాలా చిన్న కార్లకి వెనక టోర్షన్ బీమే, వాటికి ఈ గొడవ లేదు.) హబ్బూ బేరింగూ ఇందులోనే కూర్చుంటాయి, ఆర్ములు దీనికే బిగిస్తారు. చక్రం పెద్ద గుంతలో పడితే ఇది వంగొచ్చు. వంగితే మార్చాల్సిందే. సుత్తితో సరిచెయ్యడం, వెల్డింగ్ పెట్టడం ప్రాణాలతో చెలగాటం. కానీ వంగిందని కొలిచి చూపించాలి కదా? శబ్దం చేసేది ఒట్టి బేరింగో, బుష్షో కావచ్చు.

ఇక మెకానిక్ సంగతి. మా బత్తలపల్లిలో ఒకాయన్ని అడిగితే ఒకే మాటన్నాడు: "పని నాకు చేతనైతాదన్నా. ఎంత బిగిచ్చల్లనో ఆ లెక్క ఎవరిస్తారు?"

అసలు విషయమంతా ఆ లెక్కలోనే ఉంది. కొత్త బేరింగ్‌ని బయటి రింగు మీదే ప్రెస్ చెయ్యాలి, సుత్తితో కొడితే బిగించకముందే పాడవుతుంది. ఏబీఎస్ సెన్సర్ చదివే అయస్కాంతం ఉన్న బేరింగైతే తిరగేసి పెట్టకూడదు, పెడితే డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. బ్రేక్ క్యాలిపర్‌ని గొట్టానికి వేలాడదీయకూడదు. బుష్ బోల్టులు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరిగా బిగించాలి, లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. ఆఖర్న అలైన్‌మెంట్. ఇందులో బ్రహ్మవిద్య ఏదీ లేదు. కావలసింది మాన్యువల్, టార్క్ రెంచ్, ప్రెస్.

"తెలియనివాళ్ళ చేతికిస్తే ప్రమాదం" అని కంపెనీల వాదన. సోర్స్ దాచేస్తే సెక్యూరిటీ వచ్చేసినట్టే అనే వాదన మన ఫీల్డులో ఎవరైనా చేస్తే నవ్వమూ? ప్రమాదం కాబట్టే సమాచారం ఇవ్వాలి!

ఇది నా ఒక్కడి గోల కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. స్పేర్ పార్టులూ, రిపేరు టూల్సూ బయటి మెకానిక్కులకి అందకుండా చేస్తున్నారని. కంపెనీలు అప్పీలుకెళ్ళాయి. 2022లో కేంద్రం "రిపేరు హక్కు" మీద కమిటీ వేసింది, పోర్టల్ కూడా తెరిచింది. బాగానే ఉంది. కానీ టార్క్ లెక్క కదిరి రోడ్డు మీది షెడ్డు దాకా రావాలిగా?

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. కార్లు చేసే సీమలో, కారు ఏ కంపెనీదైనా సరే, బాగుచేసే పుస్తకం మాత్రం బ్రహ్మరహస్యంగా ఉండాలా?

ఓపెన్ సోర్స్ మీద గంటలు గంటలు లెక్చర్లు దంచే మనం కనీసం ఈ మూడూ అడుగుదాం: కొలత చూపించండి, పాత ముక్క ఇవ్వండి, ఎంత టార్క్‌కి బిగించారో బిల్లు మీద రాయండి. అడగడం చేతకాకపోతే పోనీ, షెడ్డులో చేతులకి గ్రీజు పూసుకునేవాణ్ణి "వాడికేం తెలుసు" అనడమైనా మానేద్దాం.