గులాబీకి మందు కన్నా ముందుచూపు మేలు

గులాబీ ఆకు మీద నల్ల మచ్చ కనిపించగానే చాలామంది పురుగుమందు కోసం పరుగెత్తుతారు. ఆ మచ్చకు కారణం పురుగు కాదు, శిలీంధ్రం. దాని మీద పురుగుమందు పనిచేయదు. అయినా లెక్క పెట్టుకున్నట్టు వారం వారం పిచికారీ చేయడం ఎన్నో పెరళ్లలో, తోటల్లో అలవాటైపోయింది. ఈ అలవాటు మారాలి. మందు ఎక్కువైతే కొన్ని తెగుళ్లు తగ్గకపోగా పెరుగుతాయి.

ఎర్రనల్లి ఇందుకు మంచి ఉదాహరణ. వేసవిలో ఆకుల అడుగున చేరి రసం పీల్చే ఈ జీవి సాలీళ్లకు దగ్గరి బంధువు. పైరెత్రాయిడ్ రకం మందులు కొడితే దీన్ని తిని బతికే మేలుచేసే నల్లులు చనిపోతాయి. అడ్డు తొలగిన ఎర్రనల్లి మునుపటి కన్నా ఎక్కువగా విజృంభిస్తుంది. పేనుబంకదీ దాదాపు ఇదే కథ. అక్షింతల పురుగులు, వాటి పిల్లపురుగులు దాన్ని తినేస్తాయి. నల్లగా, గరుకుగా ఉండే ఆ పిల్లపురుగులను చూసి చీడ అనుకుని నలిపేసేవారూ ఉన్నారు. పైగా యూరియా అతిగా వేస్తే లేత చిగుళ్లు గుబురుగా వచ్చి పేనుబంకకు విందవుతాయి.

నల్లమచ్చ తెగులుకు తడి కావాలి. ఆకు సుమారు 7 గంటలు తడిగా ఉంటేనే శిలీంధ్ర బీజాలు మొలకెత్తి లోపలికి చొరబడతాయి. సాయంత్రం ఆకులు తడిసేలా నీళ్లు చల్లడమంటే తెగులును పిలిచి పీట వేయడమే. ఉదయం పూట మొదలు దగ్గరే నీళ్లు పోయడం, రాలిన మచ్చల ఆకులను ఏరి పారేయడం, వానలు వెనకబట్టాక కొమ్మలు కత్తిరించి మొక్క మధ్యకు గాలి, వెలుతురు తగిలేలా చేయడం ఖర్చులేని వైద్యం. బూడిద తెగులు తీరు వేరు. దానికి తడి ఆకు అక్కర్లేదు; పగలు వెచ్చగా, రాత్రి చల్లగా, గాలిలో తేమ ఉంటే చాలు. అందుకే ముందు తెగులును గుర్తించాలి, ఆ తర్వాతే మందు మాట.

మార్కెట్‌లో మచ్చలేని పువ్వుకే ధర కాబట్టి రైతు మందు కొట్టక తప్పదన్న వాదనలో నిజం లేకపోలేదు. మందు పూర్తిగా మానమని ఎవరూ అనడం లేదు. వారానికి రెండుసార్లు ఆకుల అడుగు భాగం, మొగ్గలు పరిశీలించి, ముందుగా వేపనూనె వంటివి వాడి, నష్టం హద్దు దాటితేనే సరైన రసాయనాన్ని సరైన మోతాదులో వాడాలి. ప్రతిసారీ అదే మందు కొడితే పురుగు దానికి అలవాటు పడుతుంది.

భారత వ్యవసాయ పరిశోధన మండలి మొదటి డైరెక్టర్ జనరల్ బి.పి. పాల్ గోధుమలో కుంకుమ తెగులును తట్టుకునే రకాలను రూపొందించారు. కొత్త గులాబీలనూ సృష్టించారు. గోధుమ నేర్పిన పాఠం గులాబీకీ వర్తించాలి: రక్షణ రకం ఎంపికతోనే మొదలవ్వాలి. నర్సరీలు కుండీ మీద పువ్వు రంగుతో పాటు ఆ రకం ఏ తెగులును తట్టుకుంటుందో కూడా రాయాలి. కొనేవారు అది అడగాలి.

గులాబీ కళ్లతో చూసి వదిలేసే పువ్వు కాదు. అది జడలో తురుముకునేది, దేవుడికి పెట్టేది, గుల్కంద్‌గా తినేది. తెల్లవారకముందే ఉత్త చేతులతో పూలు కోసే కూలీలను తలచుకున్నా, ఆ రేకుల మీద మందు ఎంత తగ్గితే అంత మంచిది.