ల్యాబుల్లోంచి టర్బో సి ని తీసెయ్యండి

నీలం తెర మీద పసుపు అక్షరాలు. డిగ్రీలోనో ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలోనో చేరిన మా హైదరాబాద్ కిషన్‌బాగ్, బహదూర్‌పురా పిల్లలకు చాలా కాలేజీల్లో ప్రోగ్రామింగ్ అంటే ఇప్పటికీ ఇదే. బోర్లాండ్ కంపెనీ 1987లో డాస్ యంత్రాల కోసం తెచ్చిన టర్బో సి. ఆ డాస్ పోయి ఎన్నేళ్లయిందో! 64 బిట్ల విండోస్ మీద ఆ పదహారు బిట్ల సరుకు నడవదు. అందుకని డాస్‌బాక్స్ అనే ఇంకో ప్రోగ్రాము ఎక్కించి, లేని డాస్‌ను ఉన్నట్టు చూపించి మరీ నడుపుతున్నారు. ఇంత తంటా పిల్లల కోసం కాదు. ఎప్పుడో టైపు చేయించిన ల్యాబ్ మాన్యువల్ మార్చకూడదు, సీనియర్ల రికార్డు చూసి జూనియర్లు రాసుకోవాలి, ప్రాక్టికల్ పరీక్షలో అవే పది ప్రోగ్రాములు రావాలి. అంతే.

సి భాష మీద నాకు కోపం లేదు. బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ 1970ల మొదట్లో తయారుచేసిన ఆ భాష మీదే ఇవాళ్టికీ లైనక్స్ కెర్నల్ నడుస్తోంది. నా కోపమంతా సి పేరుతో మన ల్యాబుల్లో అలవాటు చేస్తున్న దాని మీద. మొదటి వరుసలోనే కోనియో హెడర్, తర్వాత క్లియర్‌స్క్రీన్, చివర గెట్‌చ్. ఇవేవీ సి ప్రమాణంలో లేవు. ఇలా నేర్చుకున్న పిల్ల ఉద్యోగానికి ఆన్‌లైన్ పరీక్ష రాస్తే, అక్కడి కంపైలర్ మొదటి వరుస దగ్గరే ఆపేస్తుంది. తనకు లెక్క రాలేదనుకుని ఏడుస్తుంది. వచ్చిన లెక్కే అది! టర్బో సి లో పూర్ణాంకం రెండు బైట్లు, 32,767 దాటితే మైనస్‌లోకి తిరుగుతుంది. బయట ఎక్కడ చూసినా నాలుగు బైట్లు, 214 కోట్ల పైచిలుకు దాకా పోతుంది. ఇంకా ఘోరం పాయింటర్ల సంగతి. నల్ పాయింటర్‌తో, అంటే ఏ చోటునూ చూపించని పాయింటర్‌తో, రాస్తే లైనక్స్ ఆ ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపేస్తుంది. టర్బో సి మాత్రం చాలాసార్లు పని కానిచ్చేసి, అంతా అయ్యాక ఒక ముక్క హెచ్చరిక పడేసి ఊరుకుంటుంది. తప్పును దాచిపెట్టే పనిముట్టు ఇచ్చి, తప్పు పట్టుకోవడం నేర్పుతామంటారా?

మరి దీని స్థానంలో ఏది రావాలి? అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డులు చూసి తేల్చే విషయం కాదిది. ఆ బోర్డులు ఏటా మారతాయి. మా బస్తీలో చాలా ఇళ్లలో ల్యాప్‌టాప్ లేదు, ఫోనుంది. ఆ ఫోనులో, నెట్ అయిపోయాక కూడా నడిచే భాష కావాలి. ఆ ఇంటి అక్షరాలు తెలిసిన భాష కావాలి. తల్లి పేరు తెలుగులో రాసి తెర మీద చూపించమంటే టర్బో సి వల్ల కాదు, ఉర్దూలో అసలే కాదు. పైథాన్ 3 రెండూ చేస్తుంది. చరరాశులకు తెలుగు పేర్లు పెట్టినా ఒప్పుకుంటుంది. అందుకే మొదటి భాషగా పైథాన్ అంటున్నాను, ఫ్యాషన్ అని కాదు. సీబీఎస్ఈ సి ప్లస్ ప్లస్‌ను వదిలి పైథాన్‌కు మారనే మారింది. మన కాలేజీలకేం అడ్డం?

పైథాన్‌తో మెమరీ అర్థం కాదు, బుర్రకు పదును రాదు అంటారు కొందరు మాస్టర్లు. ఆ మాటలో నిజముంది. రెండో సెమిస్టర్‌లో సి చెప్పండి, జీసీసీ అనే కంపైలర్ మీద చెప్పండి. రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని విడుదల చేసింది కూడా టర్బో సి వచ్చిన ఆ 1987లోనే. టర్బో సి ఎప్పుడో ఆగిపోయింది, జీసీసీ ఇవాళ్టికీ కొత్త వెర్షన్లు తెస్తోంది. పైసా ఖర్చు లేదు. కొనడానికి డబ్బుల్లేవన్న సాకు చెల్లదు.

భాష మార్చడమంటే కంప్యూటర్లో ఇంకో బొమ్మ పెట్టడం కాదు. చదువులో కొత్త భాష తెచ్చే పని ఈ నగరానికి తెలుసు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దానికి ముందే, 1917లో, అనువాద శాఖ పెట్టి సైన్సు పుస్తకాలు, పరిభాష సిద్ధం చేయించారు. ఉర్దూ రాని తెలుగు పిల్లలకు ఆ చదువు అందలేదు, ఆ అన్యాయం గురించి విడిగా మాట్లాడుకోవాలి. కానీ పుస్తకం ముందు, పాఠం తర్వాత అన్న వరస మాత్రం సరైనది. మార్పు తేలిక కాదు: పైథాన్ కూడా వెర్షన్ 2 నుంచి 3కు పూర్తిగా మారడానికి 2008 నుంచి 2020 దాకా పట్టింది. కాబట్టి ముందు ల్యాబ్ మాన్యువల్ తెలుగులో, ఉర్దూలో రాయించండి. వేసవిలో మాస్టర్లకు జీతమిచ్చి శిక్షణ ఇప్పించండి. ప్రాక్టికల్ ప్రశ్నలు కొత్తవి రాయించండి.

సిలబస్ తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో కూర్చున్న పెద్దలకు చెబుతున్నాను: వచ్చే విద్యా సంవత్సరానికే ఇది జరగాలి, కమిటీల పేరుతో ఇంకో బ్యాచ్‌ను బలిపెట్టకండి. తల్లిదండ్రులారా, ఫీజు కట్టే ముందు ల్యాబ్ చూపించమని అడగండి. ఆ నీలం తెర కనబడితే, ఇది ఎప్పుడు తీసేస్తారని ప్రిన్సిపాల్‌ను అక్కడే నిలదీయండి.