స్కూబా చేసిన రోజే కొండెక్కొద్దు

మీ ఆదివారం సంచికలో విశాఖ సెలవుల వ్యాసం ఆసక్తిగా చదివాను. కానీ పొద్దున రుషికొండలో స్కూబా డైవింగ్ చేసి, సాయంత్రం విమానంలో రేణిగుంటకు వచ్చేయొచ్చన్న మాట మాత్రం ప్రమాదకరమైన సలహా.

10 మీటర్ల లోతులో ఒంటి మీద పీడనం రెట్టింపవుతుంది. సిలిండర్‌లో ఉండేది చాలామంది అనుకున్నట్టు ఉత్త ఆక్సిజన్ కాదు, మామూలు గాలే. అందులోని నత్రజని ఆ ఒత్తిడికి రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. పైకొచ్చాక ఊపిరితో మెల్లగా బయటికి పోవాలి. ఈలోగా ఎత్తుకు వెళితే, సోడా మూత తీసినప్పుడు పొంగినట్టు ఒంట్లో బుడగలు కట్టొచ్చు. కీళ్ల నొప్పులతో మొదలై పక్షవాతం దాకా పోవచ్చు. అందుకే ఒక్కసారి మునిగినా కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగితే 18 గంటలు ఆగాకే విమానం ఎక్కమని డైవర్ల భద్రతా సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెబుతుంది.

మన జిల్లాల వాళ్లకు ఇంకో సంగతి. పుదుచ్చేరిలో డైవింగ్ చేసి, వస్తూ వస్తూ శ్రీవారి దర్శనం చేసుకుందామనుకోవడం మామూలే. తిరుమల దాదాపు 850 మీటర్ల ఎత్తు. హార్స్‌లీ హిల్స్ అంతకన్నా ఎక్కువ. 600 మీటర్లు దాటితే ఆ ఎత్తూ విమాన ప్రయాణంలాగే లెక్కలోకి వస్తుంది. ముందు దర్శనం, తర్వాత సముద్రం పెట్టుకోండి. వచ్చే సంచికలో ఈ సవరణ వేయమని మనవి.

— ఒక పాఠకుడు, తిరుపతి