కలిసిన రెక్కలు - కలియని లెక్కలు

గన్నవరము విమానాశ్రయమున విమానమెక్కు బెజవాడ వర్తకుడు టిక్కెట్టు ధరను చూచును. బయలుదేరు వేళను చూచును. విమానపు తోకమీది గుర్తును చూచును. దానిని నడపు వైమానికుని జీతపు ఒడంబడికను మాత్రము చూడడు. చూడవలసిన పని తనకు లేదనుకొనును. కాని యొకనాటి యుదయమున విమానము రద్దయినదని చెప్పి సామానుతో వెనుకకు పంపినప్పుడు, ఆ యొడంబడికకును తన ప్రయాణమునకును గల సంబంధము వానికి తెలిసివచ్చును. మన దేశమున 2007లో జరిగిన విమానసంస్థల విలీనము తరువాతను, 2024లో ముగిసిన విలీనమునకు ముందును ఇట్టి యుదయములు వచ్చినవి. కావుననే యీ విషయమును నేడు మా పాఠకుల యెదుట నుంచుచున్నాము.

విలీనమనగా నేమి? యజమానులకది వాటాల లెక్క. ప్రభుత్వమునకది దస్త్రముపై నొక సంతకము. వైమానికునకు మాత్రమది వరుసపట్టికలో తన పేరు ఎన్నవదియను ప్రశ్న. ఈ వృత్తిలో ఆ వరుసయే యాస్తి. ఉపవైమానికుడు కెప్టెను ఎప్పుడగును, చిన్న విమానమునుండి పెద్ద విమానమునకు ఎప్పుడు పోవును, ఏ యూర కాపురముండును, పండుగనాడు సెలవు దొరకునా లేదా యనునవి పెక్కు సంస్థలలో దానిని బట్టియే తేలును. రెండు సంస్థలు కలిసిన దినమున రెండు పట్టికలను ఒకటి చేయవలెను. చేరిన తేదీని బట్టి కలిపిన నొక పక్షము నష్టపోవును. ఉన్న పదవిని బట్టి కలిపిన రెండవ పక్షము నష్టపోవును. ఎవరికిని నొప్పి లేని మార్గము లేదు. న్యాయమైన మార్గము మాత్రము వెదకిన దొరకును.

మన డెల్టా రైతునకిది యెరుగని మాట కాదు. 2015 మొదలు పట్టిసీమ యెత్తిపోతల ద్వారా గోదావరి నీరు ఇబ్రహీంపట్నము కడ కృష్ణలో కలియుట మనమెరుగుదుము. రెండు నదుల సంగమము కన్నుల పండువే. కాని శివారు భూముల రైతు అడుగునది యొక్కటే: నా వంతు నీరు ఎన్నడు వచ్చును? వంతులు ముందుగా నిర్ణయించుకొనక తూములెత్తినచో కాలువగట్టుమీద తగవు తప్పదు. విమానసంస్థల చరిత్రయు నిట్టిదే.

1953లో మన ప్రభుత్వము విమానయానమును జాతీయము చేసినప్పుడు ఎనిమిది సంస్థలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయినవి. నిజాము ప్రభుత్వమును టాటాలును కలిసి నెలకొల్పిన హైదరాబాదు దక్కన్ ఎయిర్‌వేస్ అందులో నొకటి. విదేశముల కెగురు ఎయిరిండియా వేరుగా నుండెను. అర్ధశతాబ్దమునకు పైగా ఈ రెండును వేరువేరు జీతములతో, వేరువేరు సంఘములతో, వేరువేరు ఆచారములతో పెరిగినవి. 2007లో వీనిని ఒకటి చేసిరి. పేరొకటియైనది, విమానముల రంగొకటియైనది. జీతముల లెక్క యొకటి కాలేదు.

ఫలితము నాలుగేండ్లలో తేలినది. 2011 ఏప్రిలులో పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైమానికులు, ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్ పక్షమున, సమానమైన వేతనము కొరకు పది దినములు సమ్మె చేసిరి. సంఘపు గుర్తింపును రద్దు చేసిరి. కొందరిని పనినుండి తొలగించిరి. తుదకు రాజీ కుదిరెను. అటుపిమ్మటనే జస్టిస్ ధర్మాధికారి అధ్యక్షతన నొక సంఘము నేర్పడి, 2012 జనవరిలో నివేదిక నిచ్చెను. పెండ్లియైన నాలుగేండ్లకు జాతకములు చూచినట్లు కాలేదా యిది?

అంతటితో ముగియలేదు. 2012 మే నెలలో, ఈ పర్యాయము పూర్వపు ఎయిరిండియా వైమానికుల ఇండియన్ పైలట్స్ గిల్డ్ సమ్మె కట్టెను. కొత్తగా వచ్చు డ్రీమ్‌లైనరు విమానములపై రెండవ పక్షమువారికి శిక్షణ నిచ్చినచో తమ యున్నతి చెడునని వారి భయము. ఏబదియెనిమిది దినములు ఆ సమ్మె సాగినది. నూరుమందికి మించిన వైమానికులు పని పోగొట్టుకొనిరి. హైకోర్టులో హామీలిచ్చిన పిమ్మటగాని సమ్మె విరమింపబడలేదు. ఇచట మేము వైమానికులను సమర్థింపజాలము. మొదటి సమ్మె యజమానిపై. రెండవ సమ్మె సగము యజమానిపై, సగము తోడి పనివానిపై. సంఘమనునది తోటివాని కంచములో కూడు లాగుటకు పుట్టినది కాదు. అయినను ఇద్దరి కంచములలో నెంతెంత యని ముందుగా చెప్పకుండ ఒక్క పంక్తిని కూర్చుండబెట్టినవారి బాధ్యత తక్కువదా?

2022 జనవరిలో ఎయిరిండియా మరల టాటాల చేతికి వచ్చినది. 2023 ఏప్రిలులో సంస్థ కొత్త ఒడంబడికను వైమానికుల ముందుంచగా, పూర్వము పరస్పరము పడని ఆ రెండు సంఘములే యొక్కటియై దానిని త్రోసిపుచ్చినవి. 2024లో, విస్తారా సంస్థ ఎయిరిండియాలో కలియుటకు కొలది నెలల ముందు, అదే రీతి యొడంబడిక విస్తారా వారికిని వచ్చెను. అంతకు ముందు నెలకు డెబ్బది గంటల విమానయానమునకు జీతము నిశ్చితమై యుండగా, కొత్త పత్రములో నది నలుబది గంటలకు దిగినది. ఎక్కువ నడిపిన నెక్కువ వచ్చునని సంస్థ చెప్పెను. కాని నిశ్చయమైన జీతము వేరు, వచ్చునేమో యను జీతము వేరు. ఈ భేదమును కౌలురైతు మనకంటె బాగుగ నెరుగును. ఆ మార్చి ఏప్రిలు నెలలలో పలువురు పనికి రాకపోగా విస్తారా విమానములు పెక్కు రద్దయినవి. దినమునకు సుమారు ఇరువదియైదు, ముప్పది ప్రయాణములను సంస్థయే తగ్గించుకొనవలసి వచ్చెను. 2024 నవంబరు 12న విలీనము ముగిసినది.

నెలకు లక్షలు గడించువారికొరకు మనము కంటతడి పెట్టుట యెందుకని పాఠకులు కొందరడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. మా సమాధానము రెండు విధములు. మొదటిది: ఆ లక్షలకు వెనుక, పొలము తాకట్టుపెట్టి అరకోటి రూపాయలతో కొడుకునో కూతురునో వైమానిక శిక్షణకు పంపిన తండ్రి యుండవచ్చును. పైగా గంటల లెక్కన జీతము వేలాడినపుడు, అలసిన కన్నులతో నింకొక పయనము చేయవలెనను నాశ పుట్టును. ఆ యలసటకు మూల్యము చెల్లించువారు వెనుక కూర్చున్న మనము. రెండవది: గగనమున నంతటి విద్య గలవానికే తన షరతులు ముందుగా తెలియనప్పుడు, చిన్నవారి గతి యేమి? 2024 మే నెలలో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌లో పరిచారకులు పలువురు ఒక్కసారిగ జబ్బు సెలవు పెట్టిరి. ఆ సంస్థయు నప్పుడొక విలీనము నడుమనే యుండెను. ఇరువదియైదుగురిని తొలగించి, ఢిల్లీలో కార్మిక కమిషనరు నెదుట రాజీ కుదిరిన పిమ్మట మరల తీసికొనిరి. లక్షల జీతములు కావవి, తగవు మాత్రమదే.

అమెరికాలో రెండు దృష్టాంతములు కలవు. 2005లో యుఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ అను సంస్థలు కలిసినవి. వరుసపట్టికను మధ్యవర్తి 2007లో తేల్చగా, ఏండ్ల తరబడి పనిచేసిన యుఎస్ ఎయిర్‌వేస్ వైమానికులు పలువురు, తమ వెనుక చేరిన అమెరికా వెస్ట్ వారికంటె క్రిందికి దిగిరి. వారు పాత సంఘమునే త్రోసి కొత్త సంఘము పెట్టుకొనిరి. 2013లో మరియొక విలీనము వచ్చువరకును ఇరుపక్షములును వేరువేరు ఒడంబడికలతోనే ఎగిరిరి. డెల్టా, నార్త్‌వెస్ట్ సంస్థలన్ననో, 2008 అక్టోబరులో విలీనము ముగియుటకు ముందే, ఆగస్టులో ఇరుపక్షముల వైమానికుల చేతను ఉమ్మడి ఒడంబడికను ఒప్పించుకొన్నవి. వరుసపట్టికను ఆ సంవత్సరాంతమునకే మధ్యవర్తులు తేల్చిరి. రెండును ఒకే దేశపు సంస్థలు, ఒకే వృత్తి; భేదము ముందు వెనుకలలో నున్నది.

దూరపు మాట లేల? 1923లో పట్టాభి సీతారామయ్యగారు బందరున నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో కలిసినది. ఆ పేరు పోయినందుకు కృష్ణాజిల్లా మనసు నొచ్చినది. కాని గుమాస్తా మూలవేతనమునకు అంతటి తగవు రాలేదు. ఏలయన ప్రభుత్వ బ్యాంకుల జీతములు సంఘములకును బ్యాంకులకును జరుగు ఉమ్మడి ఒడంబడికతో ముందే సమానములై యుండెను. అట్లే మన ఆర్టీసీ యుద్యోగులను ప్రభుత్వములోనికి తీసికొనుటకు ముందు 2019లో శాసనసభ చట్టమొకటి చేసెను. 2020 జనవరి 1 నుండి అది యమలయ్యెను. ముందు కాగితము, పిమ్మట కలయిక.

కాన మేము కోరునది స్వల్పము. విమానసంస్థలు కలియుటకు ప్రభుత్వము అనుమతి నిచ్చునపుడు, ధరలు పెరుగునా యని చూచినట్లే పనివారి వేతనము, వరుస ఏమగునని కూడ చూడవలెను. ఉమ్మడి ఒడంబడిక కుదిరినదని గాని, కుదరనిచో నిర్ణీత కాలములో తేల్చు మధ్యవర్తి యేర్పడెనని గాని కాగితము చూపనిదే అనుమతి పూర్తి కారాదు. సంఘములు సైతము సంస్థకొకటిగా గాక, కలయికకు ముందే తాము కలిసి మాటాడవలెను. జబ్బు సెలవుల చాటున సమ్మె వారి గౌరవమునకు తగదు.

ఏరు దాటిన పిమ్మట తెప్ప తగులబెట్టువారు లోకమున కొల్లలు. కనుక తెప్పవాడు తన కూలి సంగతి ఒడ్డుననే తేల్చుకొనుట మేలు. తెప్ప నెక్కిన మనకును అదియే క్షేమము.