పైకప్పు సంగతి

వేసవి వచ్చినదనగానే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బజారులలో కూలర్ల అంగళ్లు కళకళలాడును. కలవారు ఏ.సి. కొందురు, లేనివారు వాయిదాల మీద కూలరు తెచ్చుకొందురు. ఆపై కరెంటు బిల్లు చూచి నిట్టూర్చుట ఇరువురికిని సమానమే. ఒకటిన్నర టన్నుల ఏ.సి. గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్ల కరెంటు తినును. ఇల్లు వేడెక్కుట పైకప్పు వలన కాగా, దానిని ముట్టక లోపలి గాలిని చల్లబరచుట ఓటికుండలో నీరు పోయుటయే.

మన పాత పెంకుటిండ్లు ఈ సంగతి ఎరిగి కట్టినవి. గూనపెంకుల సందులనుండి వేడిగాలి పైకి వెడలిపోవును. పెంకులకును గదికిని నడుమ అటక ఉండెడిది. దానిని మనము పాతసామానులు దాచు చోటుగానే తలచితిమి గాని, అందు నిలిచిన గాలియే ఎండకును మనకును అడ్డుగోడ. గల్ఫు దేశములలో చెమటోడ్చిన సొమ్ముతో ఈ ప్రాంతమున ఎన్నియో పెంకుటిండ్ల స్థానమున స్లాబు ఇండ్లు లేచినవి. వాన కారదు, కోతుల బెడద లేదు, పదిమందిలో గౌరవము. ఆ గౌరవమును నేను కాదనను. కాని కాంక్రీటు పగలెల్ల ఎండను త్రాగి, మనము పడక చేరిన వేళ దానిని గదిలోనికి విడుచును. అటకయు పోయినది, సందులును పోయినవి!

స్లాబుకు సులభమైన మందు తెల్లని సున్నము. దుమ్మును వానయు దాని తెల్లదనమును హరించును గనుక ఏటేటా ఫాల్గుణమాసముననే పూయవలెను. రేకుల ఇంటికైనచో, రేకుక్రింద జానెడు సందు విడిచి తడకతోనో పలకలతోనో లోకప్పు వేసి, ఆ సందులోని గాలి రెండు ప్రక్కల బయటికి పోవునట్లు చేయవలెను. అనగా పోయిన అటకను తిరిగి తెచ్చుకొనుటయే. సైన్సు ఉపాధ్యాయులు ఒకే తీరు రేకుడబ్బాలు రెండు తెచ్చి, ఒకదానికి సున్నము పూయించి, రెండింటను ఉష్ణమాపకములుంచి ఎండలో పెట్టించిన, పిల్లలు ఒక్క పూటలో గ్రహింతురు. 2017లో హైదరాబాదు దేవరకొండ బస్తీలో 25 పేద ఇండ్ల కప్పులపై తెల్లని పొర పరచి చూడగా, లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గినది.

తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబడవలెనని లక్ష్యము. అందు 200 హైదరాబాదు ప్రాంతమునకే. 600 చదరపు గజములు, ఆపై స్థలములో కట్టు ఇండ్లకు అది నిర్బంధము. అంతకు తక్కువ స్థలమున్నవారికి ఐచ్ఛికము. నాకు తోచిన చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. 600 గజముల యజమానికి ఏ.సి. కొనుశక్తి ఉన్నది. కోరుట్లలో రేకుల క్రింద కూర్చుండి బీడీలు చుట్టు తల్లి, ఆకు తడి ఆరునని, పొగాకు ఎగిరిపోవునని ఫంకా సైతము వేసికొనలేదు. సిరిసిల్లలో మరమగ్గములను సాంచాలందురు. పైన రేకు, ప్రక్కన సాంచాల మోటార్ల వేడి. నడుమ కార్మికుడు పన్నెండు గంటలు నిలిచియుండును. ఇట్టివారికి కప్పు తప్ప వేరు దిక్కు లేదు.

వారు సున్నము పూసికొనరాదా యందురేమో. పలువురుండునది అద్దె ఇంట. కప్పు యజమానిది, ఉక్క అద్దెవానిది, బిల్లును అద్దెవానిదే. కనుక కప్పు సంగతి ఎవరికిని పట్టదు. పురపాలక సంఘములే పూనుకొని, ఉగాదికి ముందుగా బీడీ కార్మికుల వాడలలో, సాంచాల షెడ్లపై మొదట సున్నము వేయింపవలెను. పెద్ద మేడల లెక్క తరువాత చూచుకొనవచ్చును.