పాట మనది... మరి ప్లేయర్?

శ్రీశైలం జలాశయం నిండక ముందు కృష్ణ ఒడ్డున ఓ పెద్ద పని జరిగింది. నీట మునగబోయే పాత గుళ్లను రాయి రాయి విప్పి, మెరకకు తెచ్చి, మళ్లీ అదే వరసలో పేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలా అలంపురం చేరింది. సోమశిల సోమేశ్వరుడూ ముంపు తప్పించుకుని పైకి వచ్చినవాడే. ఏ రాయి ఎక్కడిదో గుర్తు పెట్టుకోకపోతే మిగిలేది గుడి కాదు, రాళ్ల గుట్ట!

ఇళ్లలోని పాటలకూ ఇప్పుడు అలాంటి ముంపే వచ్చింది. టేప్‌రికార్డర్లు మూలపడ్డాయి. క్యాసెట్లలోని పాటలు కష్టపడి కంప్యూటర్లోకి ఎక్కించినా 'ట్రాక్ 01', 'ట్రాక్ 02' అంటూ పేరూ ఊరూ లేకుండా పడి ఉంటాయి. సోమశిల వైపు ఓ ఇంటినే ఊహించుకుందాం. తాత పాడిన తత్వాలు, పెళ్లిలో అమ్మలక్కల పాటలు, ఎప్పుడో రికార్డు చేసిన కిన్నెర కథ... పన్నెండు మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్న నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగిలయ్య పాట నెట్‌లో వెతికితే దొరుకుతుంది. ఇంట్లోవాళ్ల గొంతు మాత్రం ఆ ఇంటి క్యాసెట్లో తప్ప ఇంకెక్కడా దొరకదు.

మరి వీటిని ఏ ప్లేయర్లో పెట్టుకోవాలి?

ఉచితం వేరు... ఓపెన్ సోర్స్ వేరు

1997లో వచ్చిన విన్‌యాంప్ చాలామందికి తొలి ప్లేయర్. ఉచితమే, కానీ దాని కోడ్ కంపెనీ గుప్పిట్లోనే ఉండేది. 2013లో అప్పటి యజమాని ఏఓఎల్ దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించినప్పుడు వాడేవాళ్లు ఎదురుచూడటం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది. చివరికి అది చేతులు మారింది. ఫూబార్2000, మ్యూజిక్‌బీ కూడా ఉచితమే గానీ ఓపెన్ సోర్స్ కాదు.

ఓపెన్ సోర్స్‌లో కోడ్ అందరి ముందూ ఉంటుంది. ఒకరు వదిలేస్తే మరొకరు అందుకోవచ్చు. అమరాక్ అనే ప్లేయర్ రూపు మారిపోతే, పాతదే నచ్చినవాళ్లు ఆ కోడ్‌తో 2010లో క్లెమెంటైన్‌ను తెచ్చారు. అది నెమ్మదించాక 2018లో దాని నుంచే స్ట్రాబెరీ పుట్టింది.

ఏది ఎవరికి?

ఏ రకం ఫైలైనా పాడితే చాలనుకుంటే వీఎల్‌సీ. ప్యారిస్ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై 2001లో ఓపెన్ సోర్స్ అయింది. కంప్యూటర్లోనూ, ఫోన్లోనూ పనిచేస్తుంది. అయితే వందల పాటలను పద్ధతిగా సర్దడం దాని బలం కాదు. కంప్యూటర్ పాతదైతే తేలికపాటి ఆడేషస్ నయం. విన్‌యాంప్ ముఖం మరిచిపోలేనివారికి ఆ వేషం కూడా వేస్తుంది. పాటలు ఎక్కువగా ఉండి, గాయకుల వారీగా, ఏళ్ల వారీగా చూసుకోవాలంటే లైనక్స్‌లో స్ట్రాబెరీ, విండోస్‌లో క్వాడ్ లిబెట్ బాగుంటాయి.

అసలు పరీక్ష

ఎంచుకునే ముందు చిన్న పరీక్ష. పాట పేరు, పాడినవారి పేరు, సంవత్సరం తెలుగులోనే టైప్ చేసి, ఊరి పేరు 'కామెంట్' గడిలో రాసి సేవ్ చేయాలి. తర్వాత అదే ఫైలును వేరే ప్లేయర్లో తెరిచి చూడాలి. అక్షరాలు సరిగ్గా కనిపిస్తే వివరాలు పాటలోనే పడ్డట్టు. ప్రశ్నార్థకాలు వస్తే పాత పద్ధతి ట్యాగ్ వాడినట్టు. ఐడీ3 తొలి రకంలో పేరుకు 30 అక్షరాలే చోటు, తెలుగుకు అసలే లేదు. యూనికోడ్‌ను అంగీకరించే రెండో రకం ఎంచుకోవాలి.

మార్కెట్లో విడుదలైన ఆల్బమ్‌ల వివరాలను పికార్డ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ చాలావరకు తనే వెతికి పెడుతుంది. కానీ తాత గొంతును అది గుర్తుపట్టలేదు. ఆ వివరాలు ఇంట్లోవాళ్లే రాయాలి.

నచ్చిన పాటలకిచ్చే నక్షత్రాలు చాలాసార్లు ప్లేయర్ సొంత ఖాతాలోనే ఉంటాయి. ప్లేయర్ మారిస్తే అవి పోవచ్చు. పాటల వరసను ఎం3యూ8 ఫైలుగా దాచుకుంటే తెలుగు పేర్లు చెడకుండా ఇంకో ప్లేయర్లోనూ తెరుచుకుంటుంది. మొత్తం పాటల కాపీ ఒకటి వేరే హార్డ్‌డిస్క్‌లో ఉండాల్సిందే.

ప్లేయర్ ఈ రోజు కాకపోతే రేపు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. క్యాసెట్లో పాడుతున్నది ఎవరో, ఏ పెళ్లిలో పాడిందో చెప్పగలిగే అవ్వ ఎల్లకాలం ఉండదు. ఈ ఆదివారం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి పాట వినిపిస్తే సరి!